కావ్యశ్రీ అనని మాట

ఆ ఫోన్ రెండు నిమిషాల్లో అయిపోయింది. పేరు చెప్పనక్కర్లేదన్నారు. చెప్పలేదు. గ్వెల్ఫ్‌లో ఒక కాఫీ షాపు ముందు నిలబడి, 2023 జూలైలో ఒక సోమవారం మధ్యాహ్నం, అక్కడి పంచాయతీ లాంటి టౌన్‌షిప్ ఆఫీసుకి ఫిర్యాదు చేశాను. ఫోన్ పెట్టేసి లోపలికెళ్ళి డోనట్ కొనుక్కుని తిన్నాను. అది చాలా బాగుంది. ఇప్పటికీ నన్ను బాధపెట్టే సంగతుల్లో అదొకటి.

ఎవరి మీద ఫిర్యాదు చేశానో చెప్పాలంటే మే నెలకి వెళ్ళాలి.

అప్పుడు బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంట్‌లో పదకొండు మందిమి ఉండేవాళ్ళం. పరుపులు ఆరే. వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్ చేసినవాడు వచ్చేసరికి డే షిఫ్ట్ వాడు లేవాలి. పరుపు ఎప్పుడూ వెచ్చగానే ఉండేది, వేరేవాడి ఒంటి వేడితో. ఒక ఆదివారం చర్చివాళ్ళు బియ్యం పంచుతున్నారంటే వెళ్ళి క్యూలో నిలబడ్డాను. నా సంచిలో బియ్యం పోస్తున్న పెద్దాయన నన్ను చూసి తెలుగులో అడిగారు.

"ఏ ఊరు బాబూ?"

"తెనాలండి. భరద్వాజ్ నా పేరు."

"మాది పాలకొల్లు. పరుపు మీద పడుకుని ఎన్నాళ్ళయింది?"

"పడుకుంటున్నానండి. షిఫ్టుల్లో."

"కలుపు తియ్యడం వచ్చా?"

"నేర్చుకుంటానండి."

"అయితే బట్టలు సర్దుకుని రా. కారు ఆ చివర ఉంది."

ఆయన జాన్ విశ్వనాథం గారు. పాతికేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో, అందులో సగం అమెరికాలో చేసి, ఉద్యోగం మానేసి వచ్చిన మనిషి. కారులో ఒక్క మాట చెప్పారు. "మేం క్రైస్తవులం. నువ్వు కాకపోయినా ఫర్వాలేదు. గంట కొట్టినప్పుడు చేతిలో పని ఆపితే చాలు."

గ్వెల్ఫ్ దాటాక ఇరవై నిమిషాల ప్రయాణం. నది ఒడ్డున పాతిక ఎకరాలు. ఆ భూమి మేవ్ అనే ఐర్లండ్ ఆవిడది. డెబ్బై రెండేళ్ళు, ఒకప్పుడు నర్సు. పదిహేను వందల ఏళ్ళ కింద ఆవిడ దేశంలో క్రైస్తవ సన్యాసులు పెద్ద భవనాలు కట్టుకోకుండా, ఒక చిన్న ప్రార్థనగది చుట్టూ గుడిసెలు వేసుకుని, తమ తిండి తామే పండించుకుని, గుమ్మంలోకి వచ్చినవాడికి పెట్టి బతికేవారట. అలా ఇక్కడ మళ్ళీ బతకొచ్చని ఆవిడకి కల. విశ్వనాథం గారికి, ఆయన భార్య సూర్యకుమారి ఆంటీకి ఆ కల పట్టుకుంది. ముగ్గురూ కలిసి నాలుగేళ్ళుగా దాన్ని నిలబెడుతున్నారు. వాన నీటి తొట్లు, సోలార్ పలకలు, తేనెపెట్టెలు, శనివారం ఉదయం అమ్మే కూరగాయలు. దేశంలోకి మాలాంటి విద్యార్థులు వరదలా వచ్చిపడుతున్న రోజుల్లో, ఆ గుమ్మంలోకి వచ్చే అతిథులం మేమే అయ్యాం.

వచ్చినవాళ్ళని మూడు రోజులు ఏమీ అడగకూడదు. అది వాళ్ళ నియమం. నాలుగో రోజు ఆంటీ అడిగింది, "పెసరట్లు ఎన్ని తింటావు?" అని.

అక్కడ ప్రతి పనికీ ఒక ప్రార్థన ఉండేది. పొయ్యి వెలిగించడానికి, విత్తనం నాటడానికి, చేతులు కడగడానికి. మేవ్ పాత ఐరిష్ పద్ధతిలో చెబితే, ఆంటీ వాటిని తన సొంత తెలుగులో అల్లేది. "ప్రభువా, మొదటి అట్టు మాడకుండా చూడు. మాడితే అది ఆయనకి వెళ్ళేలా చూడు."

"వింటున్నాను సూర్యా," అనేవారు అంకుల్ పక్కగదిలోంచి.

ప్రార్థనగది చుట్టూ ఆరు గుడిసెలు. గడ్డిమోపులు ఇటుకల్లా పేర్చి, పైన మట్టి మెత్తినవి. అవి కట్టింది నంద్యాల రేవంత్. చదివింది మెకానికల్, చేతిలో మాత్రం వడ్రంగం ఉంది. నేను మట్టి మెత్తుతుంటే వెనక నిలబడి, "ఏమప్పా భరద్వాజూ, గోడకి బొట్టు పెడతాండావా? అరచెయ్యి ఆనించు, గోడ కరవదులే," అనేవాడు. ఆ గుడిసెల్లో రేవంత్, నేను, కావ్యశ్రీ, ఇంకో ముగ్గురు విద్యార్థులం ఉండేవాళ్ళం. తలా ఒక గుడిసె. తలుపు, కిటికీ, చలికాలానికి చిన్న కట్టెల పొయ్యి. మొదటి వారం నాకు నిద్ర పట్టలేదు. పరుపు చల్లగా ఉండటం అలవాటు లేక.

జూన్‌లో విశ్వనాథం గారు నన్ను ఆత్మమిత్రుణ్ణి ఎంచుకోమన్నారు. ఆ ఐరిష్ సన్యాసుల పద్ధతే. ఒక మనిషికి మాత్రం ఏదీ దాచకుండా చెప్పుకోవాలి. విన్నవాళ్ళు దాన్ని ఎవరితోనూ అనకూడదు. విన్నామని కూడా తెలియనివ్వకూడదు.

నేను కావ్యశ్రీని ఎంచుకున్నాను. కొత్తగూడెం అమ్మాయి, గ్వెల్ఫ్‌లో చదువుకుంటూ ముసలివాళ్ళ హోమ్‌లో పనిచేసేది. ఎవరి గురించీ వెనక మాట్లాడదు. అనాల్సింది ముందే అనేస్తుంది.

"నన్నెందుకు?" అంది.

"నువ్వు ఎవరికీ చెప్పవు కదా."

"గంతేనా? ఇంకేదన్న మంచి గుణం ఉందంటవనుకున్న." నవ్వింది. "సరే. మాటిస్తున్న."

జూలై మొదటి వారంలో భోజనాల దగ్గర అంకుల్ లేచి నిలబడ్డారు. తోట తన కాళ్ళ మీద నిలబడాలంటే ఫుల్‌టైమ్ సూపర్‌వైజర్ కావాలని, ఒక్క ఉద్యోగం ఇవ్వగలమని, పద్ధతి ప్రకారం ఆఫర్ లెటర్ ఇస్తామని చెప్పారు. బల్ల చుట్టూ ఉన్న ఆరుగురం స్పూన్లు ఆపేశాం. లెటర్ అంటే PRకి, ఈ దేశంలో శాశ్వతంగా ఉండిపోయే హక్కుకి, అప్లై చేసుకునే దారి. ఆ సంవత్సరం మేమందరం ఆ రెండక్షరాల కోసమే ఊపిరి తీసుకుంటున్నాం. నా కోర్సు ఏప్రిల్‌లో అయిపోయింది. చేతిలో ఉన్నది ఒక్క ఏడాది వర్క్ పర్మిట్.

ఉద్యోగం రేవంత్‌కే అని ఎవరూ అనకుండానే అందరికీ తెలుసు. ఆ ఆరు గుడిసెలే అతని దరఖాస్తు.

ఆ గుడిసెల్లో ఒక లోపం ఉంది. కావ్యశ్రీ దాన్ని మూడుసార్లు అందరి ముందే చెప్పింది.

"రేవంత్, పొయ్యి గొట్టం గడ్డిగోడకు రెండడుగులన్న దూరం ఉండాలె. చలికాలం లోపట పండుకున్నోళ్ళు కాలిపోతరు."

"మట్టి మెత్తినాక నిప్పంటుకోదు తల్లీ. యూట్యూబ్ చూసి కట్టినాననుకుంటాండావా?"

"కాదా?"

"సగమే యూట్యూబ్."

అందరూ నవ్వారు. కావ్యశ్రీ నవ్వలేదు. గొట్టం అలాగే ఉంది.

నేను లెక్క వేసుకున్నాను. మా తెనాలిలో నాన్న మేడ మీద రేకుల గది వేసినప్పుడు మున్సిపాలిటీ ఆయన వచ్చాడు. కుర్చీ వేశాం, టీ ఇచ్చాం. "చూసుకోండి మాస్టారూ" అని వెళ్ళిపోయాడు. ఆ గది ఇప్పటికీ ఉంది. అధికారి అంటే నాకు తెలిసింది అంతే. ఇక్కడా ఒకరు వస్తారు, గొట్టం చూస్తారు, రేవంత్‌ని నాలుగు మాటలంటారు, ఆంటీ చేతి టీ తాగి వెళ్ళిపోతారు. అంకుల్ మనసులో ఒక చిన్న గీత పడుతుంది. ఆ చిన్న గీత చాలు నాకు.

అందుకే సోమవారం ఫోన్ చేశాను.

శుక్రవారం ఉదయం టౌన్‌షిప్ నుంచి ఒకావిడ వచ్చింది. బూట్లు, నారింజ రంగు చొక్కా, చేతిలో టేపు. ఆంటీ ట్రేలో టీ తెచ్చింది. "వద్దండి, థాంక్యూ," అంది ఆవిడ మర్యాదగా. ఆంటీ రెండోసారి అడిగింది. ఆవిడ రెండోసారీ వద్దంది. 

ఆవిడ ఒక్క గొట్టం చూసి ఆగలేదు. ఆరు గుడిసెలూ కొలిచింది. ఏ ఒక్కదానికీ పర్మిట్ లేదు. మనుషులు పడుకునే కట్టడానికి ఉండాల్సినవి ఏవీ లేవు. గంటన్నరలో ఆరు తలుపుల మీద ఆరు నారింజ రంగు కాగితాలు అతికించింది. ఏడు రోజుల్లో ఖాళీ చెయ్యాలి. తర్వాత కూల్చెయ్యాలి. ఎవరో ఫిర్యాదు చేస్తే వచ్చానంది.

"మాకు ఎవరితోనూ గొడవల్లేవే," అన్నారు అంకుల్. "ఏమని ఫిర్యాదు?"

ఆవిడ ఫోన్ చూసి చదివింది. "పొయ్యి గొట్టానికి, గడ్డిగోడకి మధ్య రెండడుగుల దూరం లేదు. చలికాలం లోపల పడుకున్నవాళ్ళు కాలిపోతారు."

ఆవిడ చదివింది ఇంగ్లీషులోనే. అయినా ఆంటీ, అంకుల్, రేవంత్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మాటలు ఎవరివో వాళ్ళకి తెలుసు. కావ్యశ్రీ అక్కడ లేదు. పొద్దున్నే గ్వెల్ఫ్‌లో క్లాసుకి వెళ్ళింది.

ఆమె వచ్చేసరికి మూడైంది. ఇంటివైపు వెళ్ళకుండా నేను గేటు దగ్గరే ఆపి, వెల్లుల్లి మళ్ళలోకి తీసుకెళ్ళాను. ఆ వారం వెల్లుల్లి పీకే పని. ఇద్దరం వంగి పీకుతూ ఉన్నాం. నేను మొత్తం చెప్పేశాను. ఫోన్, కాఫీ షాపు, ఉద్యోగం, కాగితాలు, సాయంత్రానికి అంకుల్ పిలిచిన కూటం. డోనట్ సంగతి కూడా చెప్పాను.

ఆమె పీకడం ఆపలేదు. వేళ్ళ మట్టి దులిపి, వరసలో పెడుతూ వింది.

"నా మాటలే చెప్పినవా వాళ్ళకు?"

"వేరే మాటలు తట్టలేదు."

"ఆరుగురం భరద్వాజ్. ఆరుగురం యాడికి పోవాలె?"

"ఆవిడ టీ తాగి వెళ్ళిపోతుందనుకున్నాను."

ఆమె నా మొహం చూసింది. నేను అబద్ధం చెప్పడం లేదని ఆమెకి అర్థమైంది. అయినా అది నన్ను కాపాడలేదు.

"ఇయ్యాల సాయంత్రం కూటంలో చెప్తవా?"

"చెప్తాను."

"లేచి నిలబడు, చెప్పు. నేను పక్కన్నే కూసుంట."

చెప్పగానే నాలో సగం బరువు దిగింది. ఆ సగం ఎవరి మీదకి వెళ్ళిందో నేను ఆలోచించలేదు.

కూటం అంటే వారానికోసారి శనివారం అందరం ప్రార్థనగదిలో గుండ్రంగా కూర్చోవడం. తప్పు చేసినవాళ్ళు లేచి చెప్పుకుంటారు, మిగతావాళ్ళు వింటారు. ఎవరినీ ఎవరూ ప్రశ్నించరు. ఆ వారం అంకుల్ శనివారం దాకా ఆగలేదు. సాయంత్రం ఆరింటికి గంట కొట్టారు. కిటికీలోంచి ఎండ ఇంకా పొడుగ్గా పడుతోంది.

ఆయన చాలాసేపు ఎదురుచూశారు. కావ్యశ్రీ నా ఎడమవైపు కూర్చుంది. ఆమె మోచెయ్యి నా మోచేతికి ఒకసారి తగిలింది. నేను లేవలేదు. గొంతు సవరించుకున్నాను. అంతే.

అప్పుడు విశ్వనాథం గారు తన నియమం తానే తప్పారు. "నేను అడగకూడదు. అడుగుతున్నాను. నన్ను క్షమించండి. ఆ ఫోన్ చేసింది ఎవరు? కుడివైపు నుంచి ఒక్కొక్కరే చెప్పండి. రేవంత్?"

"నా గుడిసెలు నేనే కూలగొట్టుకుంటానా అంకుల్?"

ఆ పక్క ముగ్గురు విద్యార్థులూ కాదన్నారు. నా వంతు వచ్చింది.

"కాదండి," అన్నాను.

చాలా తేలిగ్గా వచ్చింది ఆ మాట. గొంతు ముందే సవరించుకున్నాను కదా.

"కావ్యా?"

ఆమె తలెత్తలేదు.

"నువ్వు చేశావా అమ్మా?"

ఆమె ప్రార్థనగది నేల వైపు చూస్తూ కూర్చుంది. రేవంత్ ఉండబట్టలేక, "కాదని చెప్పు కావ్యా. ఒక్క మాట, అయిపోతాది," అన్నాడు. ఆమె పెదవి కదల్లేదు.

ఎందుకో నాకు ఒక్కడికే తెలుసు. ఆమె కాదంటే తర్వాతి ప్రశ్న "మరి ఎవరో నీకు తెలుసా?" అని వస్తుంది. తెలియదంటే అబద్ధం. తెలుసంటే, ఎవరి మాట దాస్తోందో లెక్క కట్టడానికి ఎవరికీ అర నిమిషం పట్టదు. ఆమె ఆత్మమిత్రురాలిగా ఉన్నది నాకొక్కడికే. అందుకే ఆమె ఒక ప్రశ్న ముందే ఆగిపోయింది.

"మాతో అనుంటే మార్చేవాళ్ళం కదమ్మా," అంది ఆంటీ ఏడుస్తూ.

అన్నది. మూడుసార్లు అన్నది. ఆ సంగతి కూడా ఆమె గుర్తు చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

ఎవరూ ఆమెని పొమ్మనలేదు. మర్నాడు ఉదయం ఆమే సంచి సర్దుకుంది. వాళ్ళ పాతకాలంలో తప్పు చేసినవాడు తనంతట తానే సొంత ఊరు వదిలి వెళ్ళిపోయేవాడని, మిగతావాళ్ళు కోపం లేకుండా దీవించి సాగనంపేవాళ్ళని మేవ్ చెప్పింది. అలాగే చేశాం. గేటు దాకా నడిచి, ఒక్కొక్కరం ఆమె భుజం మీద చెయ్యి వేసి ఒక మాట అనాలి. ఆంటీ రొట్టె, పచ్చడి సీసా ఇచ్చి, "నీ దారిలో నీడ ఉండాలి తల్లీ," అంది. రేవంత్ చెయ్యి వేశాడు కానీ మాట అనలేదు.

నా వంతులో చెయ్యి వేశాను. "దేవుడు నీకు తోడుండాలి," అన్నాను. నేను దేవుణ్ణి నమ్మను.

ఆమె మెల్లగా అడిగింది. "పొద్దున తిన్నవా?"

మధ్యాహ్నం చెప్దామనుకున్నాను. సాయంత్రం అనుకున్నాను. ఆదివారం అందరూ ఏడుస్తున్నారు, బాగుండదనుకున్నాను. ఏడు రోజులూ అలాగే గడిచాయి. ముగ్గురు విద్యార్థులూ బ్రాంప్టన్ బేస్‌మెంట్లకి తిరిగి వెళ్ళిపోయారు. తోటలో పనివాడు ఒక్కడైనా ఉండాలని అంకుల్ నన్నూ, గుడిసెలు విప్పేదాకా రేవంత్‌నీ ఇంట్లో హాల్లో పడుకోమన్నారు. ఆగస్టులో రేవంత్ తన గుడిసెలు తానే విప్పాడు. మట్టి పెళ్ళలు ఊడదీస్తుంటే నేను మోసిపోశాను. ఆఖరి గుడిసె పొయ్యి గొట్టం తీసినప్పుడు దాన్ని గోడ నుంచి ఎడంగా పట్టుకుని చూశాడు.

"రెండడుగులంటే ఇంతేనా?" అన్నాడు. "ఇంతేనప్పా! ఒక్క గంట పని."

ఆ నెలాఖరుకి అతను ఆల్బర్టా వెళ్ళిపోయాడు. "ఆడ ఇళ్ళు కట్టే పని. పర్మిట్లతో సహా," అని నవ్వాడు.

సెప్టెంబర్ చివర్లో విశ్వనాథం గారు నన్ను వంటింట్లోకి పిలిచారు. బల్ల మీద కవరు ఉంది.

"కష్టకాలంలో నిలబడింది నువ్వొక్కడివే బాబూ. నీకు రుణపడి ఉన్నాం."

చెప్పాల్సిన చోటు అదే. ఇద్దరమే ఉన్నాం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు, నా మొహం కూడా సరిగ్గా కనబడదు. నేను రెండు చేతులతో కవరు తీసుకున్నాను. వంగి ఆయన కాళ్ళకి దణ్ణం కూడా పెట్టాను. "అయ్యో, మాలో అవి లేవు బాబూ," అని ఆయన నన్ను పైకి లేపి కావలించుకున్నారు.

అక్టోబర్‌లో కావ్యశ్రీ అడ్రస్ కనుక్కుని బ్రాంప్టన్ వెళ్ళాను. తొమ్మిది మంది అమ్మాయిలున్న బేస్‌మెంట్. గ్వెల్ఫ్‌లో హోమ్ పని పోయింది, బస్సు దూరమై. ఇప్పుడు వేర్‌హౌస్‌లో చేస్తోంది, వారానికి మూడు రోజులు గ్వెల్ఫ్ క్లాసుకి వెళ్ళొస్తోంది. పనికి బయల్దేరుతూ గుమ్మంలో కలిసింది. బస్ స్టాప్ దాకా కలిసి నడిచాం. చలిగాలి మొదలైంది.

"లెటర్ వచ్చిందా?" అంది.

"ఎవరు చెప్పారు?"

"ఎవ్వరు చెప్పలే. నీ మొహం చెప్తున్నది."

"వచ్చింది."

"తీసుకున్నవా?"

"తీసుకున్నాను."

ఆమె తలూపింది.  "మరి నా దగ్గరికెందుకొచ్చినవ్?"

"నిద్ర పట్టడం లేదు కావ్యా. ఎవరికైనా చెప్పుకోవాలి. నాకు నువ్వు తప్ప..."

"ఓహో." ఆమె నవ్వింది. కోపంగా కాదు. నిజంగానే నవ్వొచ్చినట్టు. "మల్ల నాకే చెప్పుకోనీకి వచ్చినవా! సిగ్గు లేదురా నీకు."

"లేదు," అన్నాను.

"నీ కోసం నోరు మూసుకున్ననని అనుకోకు. మాటిచ్చిన, గందుకు మూసుకున్న. ఇప్పుడు నా మాట నీ చేతిల ఉంది. నువ్వు చెప్పుకోమంటే చెప్పుకోవచ్చు నేను. నువ్వు పోయి చెప్పే పని లేదు, లేచి నిలబడే పని లేదు. 'చెప్పుకో కావ్యా' అను చాలు. బ్రేక్‌ల అంకుల్‌కు ఫోన్ చేస్త. నా గురించి అంకుల్‌వాళ్ళ ఉత్తరం ఒక్కటుంటే గ్వెల్ఫ్ హోమ్‌ల మల్ల రూమ్‌తో సహా తీసుకుంటమన్నరు. నా మీదున్న మాట పోతేనే ఆ ఉత్తరం అడగగలుగుత."

నేను నోరు తెరిచాను. రెండే మాటలు. "చెప్పుకో కావ్యా." కవరు లోపలి జేబులో ఉంది. అప్లికేషన్ ఇంకా పంపలేదు. అంకుల్ ఒక్క ఈమెయిల్ కొడితే అంతా అయిపోతుంది.

ఆమె వేచి చూసింది. అంకుల్ ఎదురుచూసినట్టే, చాలాసేపు. దూరంగా సిగ్నల్ దగ్గర బస్సు కనబడింది. సిగ్నల్ మారింది. బస్సు వచ్చి ఆగి తలుపు తెరుచుకుంది.

"సరే," అంది. కార్డు తీసుకుని ఎక్కింది.

ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నా వైపు చూడలేదు. బస్సు మలుపు తిరిగేదాకా నేను నోరు తెరుచుకునే ఉన్నాననుకుంటా, పళ్ళు జివ్వుమన్నాయి. ఆ రాత్రే అప్లికేషన్ పంపించాను.

ఏడాదిన్నరకి PR వచ్చింది. తోటలో ఇప్పుడు పర్మిట్ తీసుకుని కట్టిన అతిథిగృహం ఉంది. నేను సూపర్‌వైజర్‌ని. కొత్తగా వచ్చిన విద్యార్థులు నన్ను అన్నా అంటారు. ప్రతి శనివారం కూటం చివర విశ్వనాథం గారు కళ్ళు మూసుకుని, పేరుపేరునా అందరి కోసం ప్రార్థిస్తారు. ఆఖర్న ఎప్పుడూ కావ్యశ్రీ పేరు వస్తుంది. ఆమె మాకు చేసిన దాన్ని క్షమించమని, ఆమె మనసులో భారం తీసెయ్యమని, తిరిగొస్తే గుమ్మం తెరిచే ఉందని ఆమెకి తెలిసేలా చెయ్యమని అడుగుతారు. ఆంటీ ఆమెన్ అంటుంది. మేవ్ అంటుంది.

నేనూ అంటాను, అందరికీ వినబడేలా.